చెప్పి వెళ్ళవలసిన డ్రైవు

సికిందరాబాదు పార్క్‌లేనులో, జనులు సీటీసీ యని పిలుచుకొను అంగళ్ళ సముదాయమునందు, ఎవరెవరి కార్యాలయములలోనో అయిదారేండ్లు ఊడిగము చేసి వచ్చిన లాప్‌టాపులు కుమ్మరి వాకిట కుండలవలె ఒకదానిపై నొకటి పేర్చియుండును. అచ్చట నేనొక థింక్‌ప్యాడ్ ఎక్స్200ను, దాని యడుగున అమరు పీఠమును కలిపి బేరమాడి తెచ్చుకొంటిని. డబ్బు లెక్కపెట్టుకొనుచునే అంగడిలోని కుఱ్ఱవాడు పీఠమును ఇటు త్రిప్పి, ప్రక్కనున్న గూటిని చూపి, "ఇండ్ల ఇంకో డిస్కు గూడ ఉంది సార్. లినక్స్ వేసుకుంట అంటున్నరు గద, ఊకె గుంజొద్దు. ముందుగాల సిస్టమ్‌కు చెప్పాలె, తర్వాతనె తియ్యాలె" అని హెచ్చరించెను. సరే యంటిని. చెప్పుట యనగా ఎవరికి చెప్పుట, ఏమని చెప్పుట, చెప్పకున్న వచ్చు కీడేమి యని నే నాతని నడుగలేదు. అడిగియున్నచో ఈ వ్యాసమునకు పని యుండెడిది కాదు.

ఆ పీఠమునకు ఆంగ్లమున డాక్ అని పేరు. డాక్ అనగా ఓడ వచ్చి ఆనుకొను రేవు. లాప్‌టాపు చంకన పెట్టుకొని తిరుగుటకు తేలికగా నుండవలె నన్నచో దానినుండి కొన్ని అంగములను తీసివేయక తప్పదు; తీసివేసిన వానిని బల్లమీద నొక పీఠమున నుంచి, యంత్రము ఇల్లు చేరిన వెంటనే దానిపై కూర్చుండబెట్టినచో ఆ లోటు తీరును. 2008లో వచ్చిన ఈ ఎక్స్200 దేహములో డీవీడీ డ్రైవునకు చోటు లేదు; అది పీఠమునకు చేరినది. పెద్ద తెరను తగిలించు రంధ్రము, మరికొన్ని యూఎస్‌బీ రంధ్రములు, వీనితోపాటు సొరుగువంటి ఆ గూడును పీఠమునందే యున్నవి. ఈ గూటి సంప్రదాయము పాతది. 1992లో ఐబీఎమ్ సంస్థ థింక్‌ప్యాడ్ పేరిట యంత్రములను తెచ్చిన పిమ్మట కొలది యేండ్లకే 'అల్ట్రాబే' యను మార్పిడి గూడు వానిలో వెలసినది. 2005లో ఆ వ్యాపారము లెనోవో చేతికి పోయిన తరువాతను పెక్కేండ్లు నిలిచినది. గూటిలోని డీవీడీ డ్రైవును తీసి, దాని కొలతలోనే యుండు 'క్యాడీ'లో హార్డు డిస్కును బిగించి లోనికి త్రోసినచో ఒక యంత్రమునకు రెండు డిస్కు లగును. యంత్రము నడుచుచుండగనే ఈ మార్పిడి చేయుటను 'హాట్ స్వాప్' అందురు. మన వంటింటి మాటలో పొయ్యి ఆర్పకుండ గిన్నె మార్చుట.

ఇక నా నిర్వాకము వినుడు.

మా తాతగారు దుగ్గిరాలలో నొక పసుపు వర్తకుని కొట్టున గుమస్తా. చెదలు తినగా మిగిలిన ఆయన చిట్టాలు నాలుగు మా యింట నున్నవి. వాని పుటలకు ఫొటోలు తీసి, 240 ఫొటోలను లాప్‌టాపునుండి గూటిలోని డిస్కునకు నకలు చేయుచుంటిని. తెరమీది పట్టీ చివరికంట ప్రాకి, ఆ చిన్న కిటికీ తనంత తానే మూతపడెను. పని తీరిన దనుకొని, గూటి మీట జరిపి, డిస్కును పట్టి యీవలికి లాగితిని. నా చేతిలోనికి వచ్చిన తరువాతను అది తిరుగుచునే యుండెను. తిరుగుచున్న డిస్కును అరచేత నుంచుకొని కొంచెము వంచి చూచినవారికే ఆ స్పర్శ తెలియును: వేగముగా తిరుగు బొంగరము ఒరగనని మొండికేసినట్లు, లోపలి పళ్ళెము మన మణికట్టును వేరొక దిక్కునకు నెట్టును, ప్రాణమున్నదేమో యన్నంత స్పష్టముగా నెట్టును. ఒకటి రెండు లిప్తలలో ఆ రొద సన్నగిల్లి ఆగిపోయెను. మరునాడు డిస్కును మరల గూటిలో నుంచి చూడగా, చివరి 11 ఫొటోలకు పేర్లు మాత్రము మిగిలియుండెను. పేరు కలదు, తేదీ కలదు, పరిమాణము సున్న.

పట్టీ చివరికంట ప్రాకినది గదా, మఱి ఆ పదునొకటి ఎచ్చటికి పోయినట్లు? సమాధానము నాకు ఆ ఫొటోలలోని చిట్టాలయందే దొరకినది.

తాతగారి పద్ధతిని మా యమ్మ చెప్పగా వింటిని. పగలెల్ల రైతులు వచ్చుచుందురు, బస్తాలు దిగుచుండును, కాటా వద్ద తూకములు కేకవేయుచుందురు. ఆయన ఆ యంకెలను మొదట మనస్సున నుంచుకొనును. చేయి తెరపి యైనప్పుడు వానిని చిట్టాలో గబగబ వరుసగా గీకును. దీపములు పెట్టిన తరువాత తీరికగా కూర్చుండి, చిట్టాలోని దానిని విడదీసి, ఎవరి పద్దు వారి పేరిట ఆవర్జాలోని కెక్కించును. నడుమ షావుకారు వచ్చి, "రాశావటయ్యా?" అని అడిగినచో, ఆయన తల యెత్తకయే, "అయిందండీ" అనును. అబద్ధము కాదు, అయినది, కాని తలలో నైనది. షావుకారు ఆ మాట నమ్మి ఆవర్జాను చంకన పెట్టుకొని బాపట్ల పోయినచో, మధ్యాహ్నము వచ్చిన బస్తాలకు దానిలో చోటుండదు.

కంప్యూటరు లోపలి గుమస్తా పేరు కెర్నెలు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన ఆ లినక్స్ కెర్నెలు, డిస్కునకు వ్రాయుమని యేదైన ప్రోగ్రాము కోరినప్పుడు ఆ విషయమును ముందు ర్యామ్‌లో నుంచుకొని, "అయినది" అని వెంటనే బదులు చెప్పును. అట్లు చెప్పుటకు కారణము సోమరితనము కాదు. డిస్కులోని తల యొకచోటినుండి వేరొకచోటికి జరిగి కుదురుకొనుటకు సెకనులో నూరవవంతు పట్టవచ్చును. ఆ వ్యవధిలో ర్యామ్ లక్షసార్లు బదులు పలుకగలదు. ప్రతి చిన్న వ్రాతకును డిస్కును ఎదురుచూచుచు కూర్చున్నచో యంత్రమంతయు ఎడ్లబండి నడక నడచును. కావున కెర్నెలు పోగుచేసి, సావకాశముగా, సాధారణముగా అయిదు సెకనుల కొకసారి మేలుకొని, ముప్పది సెకనులకు మించి నిలువయున్న వ్రాతలను డిస్కునకు దింపును. నేను చూచిన పట్టీ ఆ గుమస్తా "అయిందండీ" అన్న మాటయే. ఆవర్జా నేను చంకన పెట్టుకొని పోతిని.

అయినచో పేర్లు మాత్ర మెట్లు మిగిలినవి? అదియు చిట్టా మహిమయే. నా డిస్కులోని ఫైళ్ళ అమరికకు ఎక్స్‌టీ4 యని పేరు. 2008 డిసెంబరులో వెలువడిన 2.6.28 కెర్నెలులో అది ప్రయోగదశ దాటినది. దానికి 'జర్నల్' అను చిట్టా కలదు. ఏ పేరు పుట్టినది, ఏ పేరు చెరిగినది, ఏది యే పరిమాణమునకు పెరిగినది యను పద్దులను అది మొదట ఆ చిట్టాలో, సుమారు అయిదు సెకనుల కొకసారి, వ్రాసి భద్రపరచును. కాని మామూలు పద్ధతిలో చిట్టాకెక్కునది ఫైలును గూర్చిన పద్దు మాత్రమే. ఫైలులోని విషయము కాదు. విషయమునకు డిస్కుమీద స్థలము కేటాయించుటను ఎక్స్‌టీ4 చివరి గడియవరకు వాయిదా వేయును. ఎంత పెద్ద దగునో తెలిసిన తరువాత ఒక్కచోటనే చోటిచ్చినచో ముక్కలు కాకుండ నుండునని దాని యాలోచన. అందుచే నా 11 ఫొటోల పేర్లు చిట్టా కెక్కినవి. బస్తాలు కాటా దగ్గరనే మిగిలిపోయినవి. పాత ఎక్స్‌టీ3 కిట్టి వాయిదా లేదు కనుక, దానిని వాడినవారికి ఈ సున్నల దర్శనము అరుదు; కొత్తది తెలివి హెచ్చినది, మన తొందరపాటును మన్నించు గుణము తగ్గినది.

మన యిండ్లలో బయలుదేరువాడు "పోతాను" అనడు. "వెళ్ళొస్తాను" అనును. ఆ మాట చెవిని బడగానే ఇంటివారు, ఇయ్యవలసిన సంచి ఇచ్చుటయో, మరచిన కండ్లజోడు తెచ్చుటయో చేయుదురు. ఆ మాట చెప్పక వీథి దాటినవానిని గూర్చి వారము దినములు చెప్పుకొందురు. గూటిలోని డ్రైవు విషయమున ఆ మాటయే 'అన్‌మౌంట్'. ఈ డిస్కు ఇక సెలవు పుచ్చుకొనుచున్నది, దీనికి చేరవలసిన బాకీ లేమున్నను ఇప్పుడే తీర్చుడు, కొత్తవి పెట్టుకొనకుడు అని కెర్నెలునకు చేయు విన్నపము. ఆజ్ఞ రూపమున టైపు చేయునప్పుడు మాత్రము 'యూమౌంట్' అనవలెను. అన్ అను ఉపసర్గలోని నకారము దానిలో లోపించినది. యూనిక్స్ పూర్వీకులు అక్షరములయెడ మహాలోభులు.

ఈ విన్నపమును కెర్నెలు ఒకొకప్పుడు త్రోసివేయును. 'టార్గెట్ ఈజ్ బిజీ' అను ముక్తసరి జవాబు వచ్చును. ఎవరో యొకరు ఆ డిస్కులోని ఫైలును తెరచి పట్టుకొనియున్నారని దాని భావము. ఎవరా యని కనుగొనుటకు 'ఎల్‌సాఫ్', 'ఫ్యూజర్' అను రెండు పనిముట్లు కలవు. అవి పట్టుకొన్నవాని పేరు, నంబరు చెప్పును. కొంతకాలము నాకు ఫొటోలు చూపు ప్రోగ్రాములమీదను, సంగీతము వినిపించు ప్రోగ్రాములమీదను అనుమానము పోవుచుండెడిది. తీరా చూడగా దొంగ నేనే. నల్లని టెర్మినల్ కిటికీలో ఆ డిస్కులోని యొక ఫోల్డరు లోపలికి పోయి, అచ్చటనే నిలుచుండి, ఆ డిస్కునే పంపివేయుమని ఆజ్ఞాపించుచుంటిని. కూర్చున్న కొమ్మను నరుకుకొనువాని కథ మనకు తెలిసినదే. ఇక్కడ చెట్టే గొడ్డలిని అడ్డుకొనును. ఒక మెట్టు వెనుకకు వచ్చి మరల అడిగినచో మారుపలుకక ఒప్పుకొనును.

కొందఱు ఇట్టి చిక్కు వచ్చినప్పుడు 'లేజీ' అన్‌మౌంట్ అను దానిని ప్రయోగింతురు. అది పేరునకు తగినట్టి బద్ధకపు పనియే. చెట్టుకొమ్మల వంటి ఆ ఫోల్డరుల వంశవృక్షమునుండి డిస్కు పేరును వెంటనే తుడిచివేయును గాని, పట్టుకొన్నవాని పట్టును విడిపింపదు. వాడు విడిచినప్పుడే నిజమైన సెలవు. చూచుటకు ఇల్లు ఖాళీ యైనట్లే యుండును, పెరటిలో మనుష్యులుందురు. నెట్‌వర్కు తెగిపోయి చేయునది లేనప్పుడు దానికొక ప్రయోజనము కలదేమో గాని, చేతితో లాగబోవు డిస్కు విషయమున దానిని వాడుట నా దృష్టిలో కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి పనియే.

గూటి డిస్కుమీద స్వాప్ స్థలమును, అనగా ర్యామ్ చాలనప్పుడు కెర్నెలు వాడుకొను చోటును, ఉంచుకొన్నవారు దానిని ముందుగా ఆపవలెను. డిస్కునకు లక్స్ తాళము వేసినవారు అన్‌మౌంటు చేసిన తరువాత ఆ తాళమును గూడ మూయవలెను. డిస్కులను గుంపుగా కూర్చు ఎల్‌వీఎమ్ వాడువారును తమ గుంపును అట్లే విరమింపజేయవలెను. ఈ పొరలలో ఏది మిగిలినను కెర్నెలు ఆ డిస్కు పేరును విడువదు. మరల పెట్టినప్పుడు 'ఎస్‌డీబీ' యని పిలువబడవలసినది 'ఎస్‌డీసీ' యై కూర్చుండును. అది వెళ్ళినవాడు వచ్చినట్లు కాక వేరొకడు వచ్చినట్లు.

అన్‌మౌంటుతో కెర్నెలు బాకీ తీరినది. డిస్కు సొంత బాకీ యింకొకటి కలదు. ప్రతి హార్డు డిస్కులోను కొన్ని మెగాబైట్ల చిన్న జ్ఞాపకము వేరుగ నుండును. వచ్చినదానిని అది గూడ ఒక్క క్షణము ఆపియుంచి, తనకు వీలైన క్రమములో పళ్ళెముమీద వ్రాయును. అనగా గుమస్తాకు క్రింద మరియొక చిన్న గుమస్తా. ఇక పళ్ళెము సంగతి: నా డిస్కు నిమిషమునకు 5400 సార్లు, అనగా సెకనునకు 90 సార్లు తిరుగును. ఆ వేగమున పుట్టు గాలిపొరమీద, వెంట్రుక మందములో కొన్ని వేల వంతులలో నొక వంతు మాత్రమే యెడముతో, వ్రాయు తలలు తేలుచుండును. డిస్కునకు సవ్యముగా సెలవిచ్చినప్పుడు ఆ తలలు మెల్లగా ప్రక్కనున్న వాలుమెట్టు నెక్కి పడుకొనును. ఆ తరువాతనే పళ్ళెము ఆగును. విద్యుత్తు హఠాత్తుగా తెగినచో గాలి తగ్గకముందే తలలను కాపాడవలెను గదా; అందుకై డిస్కు చేయు పని చమత్కారమైనది. తిరుగుచున్న పళ్ళెపు మోటారు అప్పటికప్పుడు డైనమో యగును; తన వేగమునుండియే పుట్టిన ఆ కొంచెపు విద్యుత్తుతో తలలను మెట్టుమీదికి విసరివేయును. నా చేతిలో ఆ నాడు జరిగిన దదియే. ప్రాణము నిలిచినది గాని ఆ విసురు సున్నితమైనది కాదు.

కెర్నెలుచేత ఈ రెండవ బాకీని తీర్పించుటకు మార్గ మొకటి లినక్స్‌లో కలదు. దాని సారళ్యము నాకు ఎంతయు ముచ్చట గొలుపును. యంత్రములోని ప్రతి పరికరమును కొన్ని చిన్న ఫైళ్ళుగా చూపు 'సిస్‌ఎఫ్ఎస్' అను వ్యవస్థ కలదు. దానిలో మన డిస్కు పేర నున్న అరలో 'డిలీట్' అను ఫైలు నుండును. పేరు చూచి గుండె జల్లుమనును గాని, అది చెరుపునది డిస్కులోని విషయమును కాదు, కెర్నెలు పట్టీలోని డిస్కు పేరును. అధికార మున్నవాడు ఆ ఫైలులో '1' అను అంకెను వ్రాయవలెను, అంతే. వెంటనే కెర్నెలు దినచర్యలో రెండు పంక్తులు పడును: మొదటిది డిస్కు లోపలి జ్ఞాపకమును పళ్ళెమున కెక్కించుచున్నానని, రెండవది డిస్కును ఆపుచున్నానని. చెవి యొగ్గినచో వినబడును గూడ. అంతవరకు గది మూల ఈగ ముసరినట్లున్న రొద క్రిందిస్థాయికి జారి, ఒక్క 'టిక్కు'మను చప్పుడుతో అణగిపోవును. ఆ టిక్కు తరువాత చేయి పెట్టవచ్చును. టైపు చేయుట కిష్టపడనివారికి ఫైళ్ళ కిటికీలో డిస్కు పేరు ప్రక్కనుండు త్రికోణపు గుర్తు చాలును. అన్‌మౌంటు చేయించుటకు అది సరిపోవును, 'తీయవచ్చును' అను మాట తెరమీద కనబడువరకు ఓపికపట్టినచో.

ఇంతవరకు చెప్పినది మాటల సంగతి. ఇనుము, రాగి కూడ ఈ రాకపోకల కొప్పుకొనవలెను గదా. ఒకప్పటి ఐడీఈ డిస్కులకు ఆ యొప్పుదల లేదు. లాప్‌టాపు కొలత డిస్కునకు 44 సూదులు. అన్నియు నొకే పొడవు. ఒకే తీగకు రెండు డ్రైవులు. పని జరుగుచుండగా నొకదానిని లాగినచో ఏ సూది ముందు విడివడునో దైవాధీనము. 2003లో సాటా వచ్చిన తరువాత ఈ కథ మారినది. క్యాడీనుండి డిస్కును తీసి, అంచును దీపము వెలుతురున కొంచెము వాల్చి చూడుడు. బంగారుపూత పూసిన సన్నని పండ్ల వరుసలు రెండు కనబడును: సంకేతములకు 7, విద్యుత్తునకు 15. అన్నియు సమానముగా నుండవు. కొన్ని పండ్లు తక్కినవానికన్న రవంత ముందుకు వచ్చియుండును. ఆ పొడవైనవి భూమి తీగలు మొదలగునవి. లోనికి త్రోయునప్పుడు అవి మొదట తాకును, లాగునప్పుడు చివర విడుచును. మధ్యకాలమున విద్యుత్తు దారి తప్పదు. గోటి మందము లేని ఆ తేడాలోనే హాట్ స్వాప్ అంతయు ఇమిడియున్నది. గుమ్మములో ముందు కుడికాలు పెట్టవలె నను నియమమును ఇంజనీర్లు లోహమున చెక్కినట్లు తోచును.

అంగము సిద్ధమైనను గుమస్తా నేర్వవలెను. జెఫ్ గార్జిక్ మొదలిడిన 'లిబ్‌ఏటీఏ' అను భాగమునకు, నడుచుచుండగా వచ్చిపోవు డిస్కులను గుర్తించు నేర్పును తేజున్ హియో అమర్చెను. అది 2006 సెప్టెంబరున వెలువడిన 2.6.18 కెర్నెలులో జనులకు చేరినది. సాటా డిస్కు గూటిలో కూర్చుండగానే తన ఉనికిని తెలుపు సంకేత మొకటి తీగపై పంపును. కెర్నెలు ఆ పిలుపు విని తలుపు తీయును. ఐడీఈ గూళ్ళలో నట్టి పిలుపే లేదు. అక్కడ వార్త మోయవలసినది ఏసీపీఐ: 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి వెలువరించిన యొప్పందము. యంత్రమును చేసినవారు బయోస్‌లో నొక చిన్న భాషలో కొన్ని సూత్రములు వ్రాసి పెట్టుదురు. గూటిలో నేదో మారినదనుటకు 1, ఎవరో బయటికి తీయగోరుచున్నారనుటకు 3 అను అంకెలు కెర్నెలునకు అందును. ఇంటెల్‌లో పనిచేసిన క్రిస్టెన్ కార్ల్‌సన్ అక్కార్డీ ఆ కాలముననే డాకునకును గూటికిని తగిన భాగములను కెర్నెలునకు వ్రాసెను.

ఆ '3' అను అంకెయందే నాకు ఎక్కువ ఆసక్తి. అట్టి గూళ్ళలో మీటను జరిపిన క్షణమునకును, డిస్కు నిజముగా బయటికి వచ్చు క్షణమునకును నడుమ ఒకటి రెండు సెకనుల యెడము కావలెననియే ఆ మీటను పెట్టిరి. అది "వెళ్ళొస్తాను" అను మాటకు వదలిన వ్యవధి. కాని కెర్నెలు ఆ వార్తను విని తానై అన్‌మౌంటు చేయదు. ఎవరి ఫైలు ఎవరు మూయవలెనో నిర్ణయించుట తన పని కాదని, ఆ వార్తను 'యూడెవ్' ద్వారమున బయటి ప్రోగ్రాములకు అందించి యూరకుండును. బయట వినువాడున్న సరి. లేకున్న వార్త గాలిలో కలియును, మనము డిస్కును లాగుదుము. ఇది లినక్స్ లోపమని విసుగుకొనువారు కలరు. నాకు మాత్రము అది సబబుగనే తోచును. ఇంటి కాపలావాడు అతిథి వచ్చెనని చెప్పవలెను గాని, లోపలికి పోయి పక్కబట్టలు మడతపెట్టరాదు. అయితే వినువానిని ఏర్పాటు చేయకుండ లినక్స్ పంపిణీలు యంత్రమును మన చేతి కిచ్చుట మాత్రము అన్యాయము.

డిస్కును తిరిగి పెట్టునప్పుడు కష్టము తక్కువ గాని, ఒక వింత నన్ను రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. త్రోసినను యంత్రమునకు తెలియుటయే లేదు. చివరకు తేలిన దేమనగా, బ్యాటరీ ఆదాకై నేను పెట్టుకొన్న పొదుపు ప్రోగ్రాము సాటా తీగను గూడ నిద్రపుచ్చుచున్నది. నిద్రించు తీగపై వచ్చిన పిలుపు ఎవరికి వినబడును? తలుపు తట్టిన చుట్టము అరుగుమీదనే కూర్చుండిపోయెను. పొదుపును ఆ తీగకు సడలించుట యొక మార్గము. మరియొకటి కెర్నెలును బలవంతముగా వెదకింపజేయుట: 'సిస్‌ఎఫ్ఎస్'లో ఆ తీగ యజమాని అరలోనున్న 'స్కాన్' అను ఫైలులో మూడు అడ్డగీతలు, మధ్య మధ్య ఖాళీ విడిచి, వ్రాయవలెను. ఏ మార్గము, ఏ నంబరు, ఏ భాగము అను మూడు ప్రశ్నలకును 'ఏదైనను సరే' అని బదులు చెప్పుట ఆ గీతల యర్థము. డిస్కు తక్షణమే ప్రత్యక్షమగును. గూటి డిస్కును యంత్రము మొదలగునప్పుడే అమర్చవలెనని పట్టికలో వ్రాసికొన్నవారు, అది లేకున్నను సాగిపొమ్మను 'నోఫెయిల్' మాటను గూడ చేర్చవలెను. లేనిచో పీఠము విడిచి ఊరికి పోయిన లాప్‌టాపు ప్రతి యుదయమును 90 సెకనులు రాని చుట్టమునకై వాకిట నిలుచుండును.

పీఠమునుండి లాప్‌టాపునే లేవదీయుట వేరొక సంగతి. అప్పుడు డిస్కు ఒక్కటియే కాదు, పీఠముమీది సర్వపరివారమును ఒక్కమారు వీడిపోవును. పీఠముపై బొత్తామును నొక్కి, దీపము అనుమతి తెలుపువరకు ఆగి లేవదీయవలె నని నియమము. కాని గూటిలోని డిస్కునకు వేరుగ సెలవిచ్చినగాని ఆ దీపమును నమ్మవలదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది, పాపము, అన్నిటికన్న నిరపాయముగా కనబడును. మూత వేసి యంత్రమును నిద్రపుచ్చి, ఇప్పుడేమి యగునులే యని డిస్కును తీసికొని, వేరొక కంప్యూటరులో పెట్టి నాలుగు ఫైళ్ళు మార్చి, తెచ్చి మరల గూటిలో నుంచి మూత తెరచుట. లినక్స్ మేలుకొనగానే గూటిలోని డిస్కు మోడలును, వరుస నంబరును అడిగి చూచును. వేరొక డిస్కైనచో ఇది వాడు కాడని గుర్తించును. కాని ఇది వాడే. మొగము అదే, పేరు అదే. తాను నిద్రకు ముందు జ్ఞాపక ముంచుకొన్న పద్దులే యింకను చెల్లునని కెర్నెలు నమ్మి, ఆ పాత లెక్కను కొత్త లెక్కమీద ధైర్యముగా వ్రాయును. పదునొకటి ఫొటోలు పోవుటతో ముగియు కథ కాదది. ఆవర్జాయే యిద్దరు గుమస్తాల చేతివ్రాతలతో చెడిపోవును. నిద్రపుచ్చుటకు ముందే అన్‌మౌంటు చేసినవారికి ఈ భయము లేదు.

సన్నదనమునకు మోజు పెరిగిన తరువాత ఈ గూళ్ళు లాప్‌టాపులనుండి క్రమముగా మాయమైనవి. నేటి డాకు ఒక్క తీగ కొసను ముడివడిన చిన్న పెట్టె. డిస్కు దానికి యూఎస్‌బీ దారిన వచ్చును. గుమస్తా మాత్రము మారలేదు. "అయిందండీ" అను అలవాటును మానలేదు.

నా 11 పుటలకు మూలములు లాప్‌టాపులోనే యుండుటచే మరల నకలు చేసికొంటిని. ప్రతి డిస్కును తన యారోగ్యమును గూర్చి 'స్మార్ట్' అను పట్టికను తనలోనే వ్రాసికొనును; దానిలో 192వ పద్దు, విద్యుత్తు తెగి తలలు విసురుగా వెనుకకు పోయిన పర్యాయముల లెక్క. కొన్ననాడు కుతూహలము కొద్ది ఆ పట్టికను తెరచి చూచితిని. ఆ పద్దులో 6 ఉండెను. ఆ ఆరు ఎవరి తొందరపాట్లో నాకు తెలియదు. ఇప్పుడు 7 ఉన్నది.